దొరసాని సమాధికి సున్నం

మా చిన్నాయన పులివెందులలో హెడ్మాస్టరు పని చేసి రిటైరైన మనిషి. ఆయనకు చీనీతోట ఒకటి, షుగరు జబ్బు ఒకటి, దొరసాని ఒకతి ఉన్నాయి. మొదటి రెండింటి గురించి అడిగితేనే చెప్తాడు. మూడోదాని గురించి మాత్రం బస్సులో పక్క సీట్లో కూర్చున్న పాపానికి ఎవరికైనా చెప్తాడు.

దొరసాని అంటే, మా జేజి చిన్నపిల్లగా ఉన్నప్పుడు స్కాట్లాండు నుంచి ఓడెక్కి జమ్మలమడుగు వచ్చి, ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిన ఒక పంతులమ్మ. జేజి అంటే మా నాయననూ చిన్నాయననూ కన్న తల్లి. కరువులో అమ్మానాయనలు పోతే ఎవరో తెచ్చి ఆ బడి హాస్టల్లో వదిలేసిన పిల్ల. ఎవరైనా నమ్మకంగా చెప్పగలిగింది ఇంతే. మిగతాదంతా చిన్నాయన వంట.

ఆయన వంటలో దొరసాని సంగటీ ఊరిబిండీ తప్ప వేరే తిండి ముట్టేది కాదు. మన మాట మనకంటే బాగా మాట్లాడేది. మా జేజిని కడుపున పుట్టిన బిడ్డలాగా పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది. పెండ్లి చేసుకోలేదు. ఊళ్లో కలరా వస్తే ఇల్లిల్లూ తిరిగి సేవ చేసి, ఆ కలరాతోనే కన్ను మూసింది. పోయే ముందు, తనను బడి వెనకాలే పూడ్చమని కోరింది. అందుకే ఆమె సమాధి అందరిలాగా సమాధుల తోటలో లేదు, బడి వెనక బంగళా కాంపౌండులో ఉంది. ఇన్ని సంగతులు నీకెవరు చెప్పారని అడిగితే, అందరికీ తెలిసిందే కదా అంటాడు. ఆ అందరికీ చెప్పింది ఆయనే.

ఆ సమాధిని చూస్తే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. రాయీ గచ్చూ పెట్టి చక్కగా కట్టిందే కానీ, దాని పక్కన పదేళ్ల పిల్లను పడుకోబెడితే కాళ్లు బయటికి వస్తాయి. మీద పేరు లేదు. దొరసాని అంత పొట్టిదా అని హైస్కూల్లో చదివేటప్పుడు అడిగాను. స్కాట్లాండు వాళ్లు పొట్టిగానే ఉంటారని చిన్నాయన ఖాయంగా చెప్పాడు. తర్వాత టీవీలో స్కాట్లాండు వాళ్లు కనబడ్డారో ఏమో, మాట మార్చాడు. ఆమెను కూర్చోబెట్టి పూడ్చారట. జీవసమాధులకు పేరుపడిన జిల్లాలో పుట్టినవాడు, ఆదివారం ఆదివారం చర్చిలో బైబిలు చదివినంత మాత్రాన ఆ గాలి సోకకుండా ఉంటుందా? చర్చిలో ఈ మాట విన్నవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. తలలు ఊపారు. అంత మంచి మనిషిని కూర్చోబెట్టే పూడ్చి ఉంటారని ఒకామె నాతోనే అంది.

మాలో ఏటా సమాధుల పండుగ చేస్తారు. ముందురోజు సున్నం నానబెట్టి, అందులో కాస్త నీలిమందు కలిపి, ఈత కుంచెలు తీసుకుని ఆడవాళ్లమంతా సమాధుల తోటకు పోయి మా మా వాళ్ల సమాధులకు కొడతాం. పండుగ నాడు పూలు, కొవ్వొత్తులు, పాస్టరుగారి ప్రార్థన. అందరి ఇళ్లల్లోనూ ఇంతే. మా ఇంట్లో మాత్రం మొదటి కుండ సున్నం బంగళా కాంపౌండుకు పోయేది. చిక్కటి సున్నమంతా దొరసానికి రెండు పూతలు వేసి, మిగిలిందానిలో నీళ్లు పోసి కలిపి మా వాళ్లకు తెచ్చేవాళ్లం. జేజి సమాధి దగ్గరికి వచ్చేసరికి అది సున్నం కాదు, సున్నం కుండ కడిగిన నీళ్లు.

జేజిది మట్టి దిబ్బ. చుట్టూ నాలుగు గుండ్రాళ్లు, తల దగ్గర ఒక కట్టె శిలువ. ఆ కట్టెను చెదలు తిన్నప్పుడల్లా మారుస్తాం. జమ్మలమడుగులో పుట్టి నాపబండ లేకుండా మట్టి కింద ఉండటమంటే చేతకాని సంతానం ఉన్నట్టే. ఊరి చుట్టూ గనులే, పశువుల కొట్టంలో కూడా పరుస్తారు ఆ బండలు. జేజికి ఒక బండ వేసి పేరు చెక్కించమని ఆమె పోయినప్పటి నుంచీ నేను చిన్నాయన వెంట పడ్డాను. మా నాయన అప్పటికే లేడు, పెద్దదిక్కు ఆయనే. ఆయన కాదని ఎన్నడూ అనలేదు. ముందు దొరసానికి వేసి, తర్వాత అమ్మకు వేద్దామనేవాడు. దొరసానిది వేయాలంటే ఘనంగా వేయాలి, ఆమె వాళ్లు ఎవరైనా వచ్చి తెర తీయాలి. వాళ్లు యాడున్నారో ఎవరికీ తెలియదు. అట్లా నా పెండ్లయి ప్రొద్దుటూరు వచ్చాను, ఇంగ్లీషు టీచరునయ్యాను, రిటైరయ్యాను. జేజి మాత్రం మట్టిలోనే ఉంది.

జేజి గురించి చిన్నాయన నోటి నుంచి ఎప్పుడూ ఒకటే మాట: దొరసాని పెంచిన బిడ్డ. ఆ బడిని ఎవరు నడిపారో ఆయన చెప్పడు. నేను చెప్తాను. నాకు తెలిసినప్పటి నుంచి కళ్లు మసకలయ్యేవరకు ఆ బడికి పొద్దున తాళం తీసింది జేజి, సాయంత్రం తాళం వేసింది జేజి. నేత మగ్గాల వీధి నుంచి, బండల గనుల నుంచి ఆడపిల్లల్ని చెవులు పట్టి లాక్కొచ్చి పలకల ముందు కూర్చోబెట్టింది. సాయిబుల ఇళ్లకు పోయి, పిల్లను పంపకపోతే వాకిట్లోంచి లేవనని కూర్చుంది. నోరు మంచిది కాదు. చింతబరికెతో కొట్టేది. ఎవరినీ పొగిడేది కాదు, ఆ విషయంలో నేను ఆమె మనమరాలినే. దొరసాని నిన్ను పక్కలో పడుకోబెట్టుకుందా అని నేను అడిగితే, బంగళాలో పడుకునేది దొరసాని, వసారాలో పడుకునేది మేము అని చెప్పి చింతపండు పిసుక్కుంటూ కూర్చుంది. ఆ సమాధికి మాత్రం ఆమే ముందుండి సున్నం కొట్టించేది. ఎవరిదని చిన్నాయన అడిగితే కుంచె చేతికిచ్చేది. ఆయన దొరసానిదని తేల్చుకున్నాడు, ఆమె కాదనలేదు. ఒకసారి నేను పట్టుబట్టి అడిగాను.

"ఎవురిదైతే నీకేంది? సున్నం సక్కంగ కొట్టు" అంది.

ఇక ఇప్పటి సంగతి. ఒకరోజు చిన్నాయన నుంచి ఫోను. జమ్మలమడుగు పాస్టరుగారికి ఎక్కడి నుంచో మెయిలు వచ్చిందట. దొరసాని వంశంలో ఒకామె ఇండియా చూడటానికి వస్తూ, మా ఊరు కూడా వస్తుందట. చిన్నాయనకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆమెకు సమాధి సంగతి ఎవరూ ముందు చెప్పకూడదని పాస్టరుగారి దగ్గర మాట తీసుకున్నాడు. ఆమె కళ్లారా చూసి ఏడవాలి, ఆ ఏడ్పు ఆయన చూడాలి. ఆమెతో మాట్లాడటానికి నేను రావాలి. పులివెందుల ఇంగ్లీషు ఆయనకు బాగానే వచ్చు కానీ, వాళ్ల ఇంగ్లీషు ఆయన చెవికి ఎక్కదు.

పది రోజుల్లో బండ తయారైంది. నున్నగా సానబట్టిన నల్లటి నాపబండ, సమాధి కంటే పెద్దది. చూడటానికి నన్ను పిలిస్తే పోయాను. పైన శిలువ. కింద దొరసాని పేరు, ఆ కింద ప్రభువునందు నిద్రించుచున్నదని. అడుగున, దొరసాని పేరుకు ఏమాత్రం తగ్గని అక్షరాల్లో, ప్రతిష్ఠించినవారు అని చిన్నాయన పేరు, హెడ్మాస్టరు రిటైర్డు అని హోదాతో సహా. జేజి ఎక్కడ అని అడిగాను. ఆమెది తర్వాత వేద్దామన్నాడు. ఎనభై దాటిన మనిషి, షుగరుతో కాలివేలు తీయించుకున్న మనిషి, ఇంకా తర్వాత అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఈ బండ ఒక్కటే మా ఇంట్లో ఎప్పటికైనా చెక్కబోయే బండ అని నాకు ఆ నిమిషంలో తెలిసిపోయింది.

ఆమె వచ్చిన రోజు బంగళా కాంపౌండులో షామియానా వేశారు. ముళ్లకంప కొట్టి, కూలిన బంగళా గోడల మీద కాగితపు జెండాలు అంటించారు. సమాధికి కొత్త సున్నం. దాని పక్కన బండను నిలబెట్టి ఎర్ర గుడ్డ కప్పారు. చిన్నాయన సూటు వేసుకుని, తోటలో కాసిన చీనీకాయలు ఒక గోతం తెచ్చాడు. కడప నుంచి కారులో ఆమె దిగింది. నా వయసుదే, పొడుగాటి మనిషి, ఎండకు కందిపోయిన ముఖం. ఆమె పొడుగు చూసి నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన చూపు తిప్పుకున్నాడు. దండలు వేశారు, కీర్తన పాడారు, చిన్నాయన చేతిలో కాగితాలు పట్టుకుని కలరా దాకా చదివాడు. ఆమె అర్థం కాకపోయినా మర్యాదగా నవ్వుతూ కూర్చుంది. తర్వాత ఆమెను సమాధి దగ్గరికి తీసుకుపోయారు.

సమాధిని చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నాయన ముఖం వెలిగిపోయింది. ఆమె నా చెవి దగ్గర మెల్లగా ఏదో అంది. నాకు సరిగా వినబడలేదేమోనని మళ్లీ చెప్పించుకున్నాను. సరిగానే వినబడింది. ఇంకా తెల్లగా ఉంది, మా నాయనమ్మ కుక్కది, అంటోంది.

ఫోనులో పాత ఫోటోలు చూపించింది. దొరసాని బంగళా మెట్ల మీద కూర్చుంది, కాళ్ల దగ్గర చెవులు వేలాడే కుక్క. ఇంకోదానిలో ఇదే సమాధి కొత్తగా కట్టినప్పటిది, పక్కన కుంచె పట్టుకుని ఒక నల్లటి బక్కపిల్ల. మిగిలిన కథ ఆమె గబగబా చెప్పేసింది. దొరసాని తండ్రి స్కాట్లాండులో గొర్రెలు కాసేవాడు. చదువుకుని అక్కడే బడిలో పంతులమ్మ అయింది, ఆ చలీ ఆ చిన్న ఊరూ విసుగు పుట్టి ఇండియా వచ్చింది. ఇక్కడ ఎండకు తాళలేకపోయింది. ఉన్నది కొన్నేళ్లే. వసారాలో పాము వస్తే కుక్క అడ్డం పోయి కాటు తిని చచ్చిపోయింది. దానికి ఈ సమాధి కట్టించి, ఊళ్లో కలరా అనగానే ఓడెక్కి న్యూజిలాండు పోయింది. అక్కడ పెండ్లి చేసుకుని, పిల్లలను కని, మళ్లీ బడిలో పాఠాలు చెప్పి, పండు ముసలిదై తన మంచం మీదే పోయింది. సంగటి గురించి ఎన్నడూ చెప్పలేదు. కుక్క గురించి చెప్పని రోజు లేదు. వాళ్ల ఇంట్లో అప్పటి నుంచి ఎన్ని కుక్కలు పెంచినా అన్నింటికీ దాని పేరే పెడుతున్నారట.

ఫోటోలో పిల్ల ఎవరని అడిగాను. కుక్క చచ్చేదాకా దాని తల ఒళ్లో పెట్టుకున్న పిల్లట. పేరు నాయనమ్మకు గుర్తు లేదు. తాను తిరిగి వచ్చేదాకా సమాధిని తెల్లగా ఉంచమని ఆ పిల్లకు చెప్పిందట. వారం తిరిగేలోపు మర్చిపోయి ఉంటుందిలే అని ముసలితనంలో నవ్వేదట.

జేజి మర్చిపోలేదు. కళ్లు కనబడని రోజుల్లో కూడా చేత్తో తడిమి, ఇక్కడ పూత పలచగా ఉందని నన్ను తిట్టింది. దొరసాని మీద ప్రేమతో చేసిందని నేను అనుకోను. మాట ఇచ్చింది, అంతే. కుక్క మంచిది కూడా అయ్యుంటుంది.

ఇంతలో జనం ఎదురు చూస్తున్నారు. ఆమె ఏం చెప్పిందో తెలుగులో చెప్పమని పాస్టరుగారు మైకు నా చేతికి ఇచ్చారు. చిన్నాయన నా పక్కకు జరిగి, ఏమంటోందని ఆశగా అడిగాడు. నేను మైకును పైటలో చుట్టి పట్టుకున్నాను.

"ఇది కుక్క సమాధి చిన్నాయనా. దొరసాని ఈడ సావలే. కలరాకు బయపడి పారిపోయింది. ఈమె ఆమె సొంత మనమరాలు."

ఆయన ముందు నమ్మలేదు. ఫోనులో ఫోటో చూశాడు. ఫోటోలో తల్లిని గుర్తు పట్టాడని నాకు తెలిసింది, ఎందుకంటే ఫోటోను వదిలిపెట్టి సూటు బొత్తాములు తడుముకోవడం మొదలుపెట్టాడు. జనంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, పులివెందుల నుంచి ఆయనే బస్సు మాట్లాడి తెచ్చిన మనుషులు.

"గట్టిగ చెప్పాకు పాపా. ఇంతమందిలో నా మర్యాద పాయె" అన్నాడు.

జాలి కలగలేదా అంటే కలిగింది, రవ్వంత. దానికంటే ఎక్కువగా, ఈ మనిషి జీవితంలో మొదటిసారి నా మాట వినే స్థితిలో ఉన్నాడని సంతోషం కలిగింది.

"బండ జేజికి ఏస్తావా?"

"ఏస్తా."

"ముందు దొరసాని, తర్వాత అమ్మ అనేది ల్యా."

"ల్యా. ఏస్తానంటాండా గదా."

మైకు బయటికి తీశాను. నేను ఇంగ్లీషు టీచరుగా ముప్పై ఏళ్లు పిల్లల చేత తర్జుమాలు చేయించాను. ఆ రోజు చేసినంత చక్కటి తర్జుమా ఎన్నడూ చేయలేదు. దొరసాని కుటుంబం మీ అందరికీ కృతజ్ఞతలు చెప్తోందన్నాను. తన పేరు బండ మీద ఎక్కించవద్దని దొరసాని కోరిక అన్నాను. ఆ బండను, తన తర్వాత బడిని నడిపిన మా జేజికి వేయమంటున్నారన్నాను. చిన్నాయనగారు దానికి ఒప్పుకున్నారని కూడా చెప్పి, ఆయనను లేచి నిలబడమన్నాను. ఆయన లేచి చేతులు జోడించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను అబద్ధం చెప్పాను, దానికి నాకేమీ బాధ లేదు. ఆ కాంపౌండులో నిజం ఎవరికి కావాలని?

బాధ కలిగింది తర్వాత. ముందు వరుసలో జేజి దగ్గర అక్షరాలు దిద్దిన ముసలామె ఒకతి, చింతబరికె దెబ్బలు తిన్న మనిషి, కళ్లు తుడుచుకుంటూ దొరసానిది ఎంత దొడ్డ మనసో అంది. పక్కనున్నవాళ్లంతా అవునన్నారు. పాస్టరుగారు దొరసాని తగ్గింపు మనసు గురించి అప్పటికప్పుడు ఒక చిన్న ప్రసంగం చేశారు. జేజికి నేను బండ సంపాదిస్తే, పుణ్యం మళ్లీ ఆ పారిపోయినామె ఖాతాలోనే పడింది.

మనమరాలిది తప్పేమీ లేదు. ఆమె బాగానే ఉంది. జేజి సమాధి చూస్తానని తనే అడిగి సమాధుల తోటకు వచ్చింది. మట్టి దిబ్బ ముందు ఎండలో నిలబడి జేజి పేరు అడిగింది. చెప్పాను. నోరు తిరిగేదాకా పలికింది, నేను తప్పు దిద్దితే మళ్లీ పలికింది. పోయేటప్పుడు చీనీకాయల గోతం కారులో ఎక్కించుకుంది. కుక్క పేరు అడిగితే చెప్పింది కానీ, దాన్ని ఇక్కడ రాయను. దానికి ఇప్పటికే కావలసినంత పేరు ఉంది.

చిన్నాయన మాట తప్పలేదు. తప్పుతాడని వారం రోజులు ఫోనుల మీద ఫోనులు చేశాను. బండ చెక్కినతన్నే పిలిపించి, వెనక వైపు సానబట్టించి, జేజి పేరు చెక్కించాడు. బడి పంతులమ్మ అని కూడా చెక్కించమని నేను చెప్తే చెక్కించాడు. తన పేరు ఈసారి వేయించుకోలేదు. వేయించుకోవడానికి ముఖం చెల్లలేదో, ఆ వైపు చోటు చాల్లేదో నాకు తెలియదు.

బండ దించే రోజు పొద్దున్నే ప్రొద్దుటూరులో బస్సెక్కి పోయాను. దిబ్బను చదును చేసి, చుట్టూ రాళ్లు పేర్చి గచ్చు పోశారు. నలుగురు మనుషులు బండను గడకర్రల మీద తెచ్చి పక్కన నిలబెట్టారు. ఒకవైపు జేజి పేరు. ఇంకోవైపు, శిలువతో సహా, దొరసాని పేరు, ఆమె ఇక్కడ నిద్రపోతోందన్న అబద్ధం, అడుగున హెడ్మాస్టరు రిటైర్డు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అవి ఎందుకు తీసేయలేదని అడిగాను. నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, అక్షరాలు పోయేదాకా చెక్కితే బండ చీలుతుందని పనివాడు చెప్పాడు. చిన్నాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కాలికి కట్టు.

"కిందికి పోయే అచ్చరాలు ఎవురు సూస్తారు పాపా?" అన్నాడు.

"కింద ఉండేది మీ అమ్మ గదా చిన్నాయనా."

ఆయన వంగి కాలి కట్టు సర్దుకున్నాడు. గడకర్రలు పట్టుకున్నవాళ్లు నా వైపు చూశారు. నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. ఇంకో బండ అడుగుదామనుకున్నాను. అడిగితే తర్వాత అంటాడు, ఆ తర్వాతకు ఆయనైనా ఉండడు, నేనైనా ఉండను. దించమన్నాను. దించారు. పైన వచ్చేపోయేవాళ్లు చదువుకోవడానికి జేజి పేరు ఉంది. కింద, జేజి ముఖానికి ఎదురుగా, దొరసాని పేరు ఉంది.